ప్రేక్షకుడికి చూపని సాక్ష్యం

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

నిరాశపరిచిన ఒక న్యాయస్థాన థ్రిల్లర్ చూసి బయటికి వచ్చిన ప్రేక్షకులు ఏమంటారు, ఆ మాటల్లో పస ఎంత అన్నది ఈ సాయంత్రం నాకు అప్పగించిన అంశం. సినిమా బాగోలేదని చెప్పడం సులువే గానీ, ఎందుకు బాగోలేదో చెప్పమంటే చాలామంది నాలుగైదు మాటల దగ్గరే ఆగిపోతారు. లాజిక్ లేదు అంటారు. ట్విస్ట్ ముందే తెలిసిపోయింది అంటారు. మొదటి సగం కూర్చోబెట్టింది, క్లైమాక్స్ తేలిపోయింది అంటారు. చివర్లో మన చెవిలో పువ్వు పెట్టారు అంటారు. నటీనటులు మాత్రం బాగా చేశారని ఒక ఓదార్పు మాట కలుపుతారు. సినిమా విమర్శ వృత్తిగా రాసేవాళ్లలో చాలామంది వీటిని అరిగిపోయిన మాటలుగా కొట్టిపారేయడం నేను గమనించాను. నాకు ఆ తేలిక భావం లేదు. పైకి వేర్వేరుగా వినిపించే ఈ అభిప్రాయాలన్నీ నిజానికి ఒకే ఫిర్యాదుకు రకరకాల రూపాలనీ, ఆ ఫిర్యాదు చట్టం గురించి కాదనీ, తమ ముందు పెట్టని సాక్ష్యం ఆధారంగా తీర్పు చెప్పి తమను ఇంటికి పంపించేశారన్న బాధ అనీ నా వాదన.

ఏ సినిమా గురించి మాట్లాడుతున్నానో పేరు చెప్పను. ఒక్క పేరు చెబితే చర్చ ఆ దర్శకుడి మీదికీ, ఆ నటుడి మీదికీ మళ్లుతుంది. పైగా నేను చెప్పబోయే నమూనా ఒక్క సినిమాది కాదు. దాన్ని ఇలా ఊహించుకోండి. ఒక సంపన్నుడు తన పడకగదిలో హత్యకు గురవుతాడు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది భార్య ఒక్కతే. ఒకప్పుడు పేరు మోసి, ఇప్పుడు తాగుడుకు లోబడి, కేసులు లేక కూర్చున్న ఒక న్యాయవాది ఆమె తరఫున వాదించడానికి ఒప్పుకుంటాడు. మొదటి గంటసేపు మనకు చాలా వస్తువులు చూపిస్తారు: సగం ఖాళీ అయిన మందు సీసా, పగిలిన చేతి గడియారం, రెండుసార్లు రెండు రకాలుగా మాట్లాడిన పనిమనిషి, చెరిపేసిన ఒక ఫోన్ సందేశం. మనం వాటిని మనసులో ఒక వరుసలో పెట్టుకుంటూ కూర్చుంటాం. ఆ తర్వాత, చివరి పావుగంటలో, అంతవరకు ఎవరి నోటా వినిపించని ఒక కెమెరా దృశ్యం న్యాయస్థానంలోకి వచ్చిపడుతుంది. అంతవరకు రెండే రెండుసార్లు కనిపించిన ఒక వ్యాపార భాగస్వామి బోనులో నిలబడి, ఎవరూ గట్టిగా అడగకుండానే, అందరి ముందూ నేరం ఒప్పుకుంటాడు. న్యాయవాది సత్యం గురించి సుదీర్ఘంగా ఉపన్యసిస్తాడు. న్యాయమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. మందు సీసా ఏమైంది? గడియారం ఎందుకు పగిలింది? పనిమనిషి ఎందుకు అబద్ధమాడింది? ఎవరూ చెప్పరు.

ఇలాంటి సినిమా చూసి బయటికి వచ్చినవాడు "లాజిక్ లేదు" అంటే, అతను తర్కశాస్త్రం మాట్లాడుతున్నాడని గానీ, సాక్ష్య చట్టంలోని సెక్షన్లు మాట్లాడుతున్నాడని గానీ మనం అనుకోనక్కర్లేదు. తాను గంటసేపు మోసిన సామానుతో ఎవరికీ పని పడలేదని అతను చెబుతున్నాడు.

ఇక్కడ ప్రేక్షకుడు ఎక్కడ కూర్చుంటాడన్న ప్రశ్న వేసుకోవాలి. అకిరా కురొసావా 1950లో తీసిన 'రషోమోన్' చిత్రంలో విచారణ దృశ్యాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఒక ప్రాంగణంలో సాక్షులు నేల మీద కూర్చుని వాంగ్మూలం ఇస్తుంటారు. బందిపోటు చెబుతాడు, భార్య చెబుతుంది, చనిపోయిన భర్త కూడా ఒక పూనకపు మనిషి నోటి ద్వారా చెబుతాడు. అయితే విచారణ జరిపే అధికారి ఒక్కసారి కూడా తెరపై కనిపించడు. అతని గొంతు వినిపించదు. సాక్షులు అతను అడిగిన ప్రశ్నను తామే తిరిగి పలికి జవాబు చెబుతారు, ఆ చెప్పేది కెమెరా వైపు తిరిగి చెబుతారు. అంటే ఆ అధికారి కూర్చోవలసిన చోట కూర్చున్నది మనమే. న్యాయస్థాన కథలన్నిటికీ మూలమైన ఏర్పాటు ఇదేనని నా అభిప్రాయం. కురొసావా దాన్ని దాచకుండా నేరుగా చూపించాడు, మిగతావాళ్లు న్యాయమూర్తినో, తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందమైన జూరీనో మధ్యలో కూర్చోబెట్టి కొంచెం మరుగుపరుస్తారు. సాధారణ థ్రిల్లర్‌లో ప్రేక్షకుడు కథానాయకుడితో పాటు పరిగెడతాడు. న్యాయస్థాన థ్రిల్లర్‌లో పరిగెత్తడు, కూర్చుని తూకం వేస్తాడు. తూకం వేయమని పిలిచి, తీరా తీర్పు సమయానికి రాళ్లు మార్చేస్తే కోపం రాదా?

చట్టపరమైన పొరపాట్ల వల్లే ఈ సినిమాలు దెబ్బతింటున్నాయని కొందరు, ముఖ్యంగా న్యాయవాద వృత్తిలో ఉన్న మిత్రులు, గట్టిగా వాదిస్తారు. కోర్టులో అలా జరగదండీ అని వాళ్లు చెప్పే మాట నిజమే. అయినా ప్రేక్షకుల నిరాశకు అది కారణం కాదని నిరూపించడానికి నాకు ఒక్క సినిమా చాలు. సిడ్నీ లూమెట్ 1957లో తీసిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' నిడివి 96 నిమిషాలు. దాదాపు మొత్తం కథ జూరీ సభ్యులు చర్చించుకునే ఒకే గదిలో నడుస్తుంది. తండ్రిని పొడిచి చంపాడన్న అభియోగం ఒక కుర్రవాడి మీద ఉంది. మొదటి ఓటులో 11 మంది దోషి అంటారు, ఒక్కడు కాదంటాడు. హత్యకు వాడిన మడత కత్తి చాలా అరుదైన రకమనీ, అలాంటిదే కుర్రవాడు కొన్నాడనీ ప్రాసిక్యూషన్ వాదన. ఆ కత్తిని బల్ల మీద గుచ్చి చూపిస్తారు. అప్పుడు ఆ ఒక్కడు జేబులోంచి అచ్చం అలాంటి కత్తినే తీసి దాని పక్కన గుచ్చుతాడు. ముందురోజు రాత్రి ఆ కుర్రవాడుండే పేటలో తిరిగి, ఒక చిన్న దుకాణంలో కొన్నానంటాడు.

చట్టం దృష్టితో చూస్తే ఇది చిన్న తప్పు కాదు. జూరీ సభ్యుడు న్యాయస్థానం బయట సొంతంగా దర్యాప్తు చేయడం, అక్కడ దొరికిన వస్తువును చర్చల గదిలోకి తీసుకురావడం అమెరికా చట్టం ప్రకారం జూరీ దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. విషయం బయటపడితే ఆ విచారణే రద్దు కావచ్చు. అయినా తరతరాల ప్రేక్షకుల్లో ఆ దృశ్యం చూసి "లాజిక్ లేదు" అన్నవాళ్లు ఎంతమంది? నాకు తెలిసి చట్టం చదివినవాళ్లు తప్ప ఎవరూ లేరు, వాళ్లు కూడా ముచ్చటపడుతూనే ఆ మాట అంటారు. ఎందుకంటే ఆ కత్తి మన కళ్లముందు బల్ల మీద ఉంది. అది ఏం నిరూపిస్తుందో, ఏం నిరూపించదో మనం కూడా లెక్క వేసుకోగలం. కుర్రవాడు నిర్దోషి అని అది చెప్పదు. ఆ కత్తి లోకంలో ఒక్కటే కాదని మాత్రం చెబుతుంది, అంతకుమించి ఒక్క అడుగు ముందుకు వేయదు.

అదే చిత్రంలో కళ్లజోడు సంగతి ఇంకా సున్నితమైనది. రైలు వెళుతుండగా ఎదుటి ఇంటి కిటికీలోంచి హత్యను చూశానన్న మహిళను మనం ఒక్కసారి కూడా చూడం. ఆమె ముక్కుకు ఇరువైపులా కళ్లజోడు నొక్కిన గుర్తులున్నాయన్న సంగతి జూరీ సభ్యులు గుర్తు చేసుకుంటే తప్ప మనకు తెలిసే వీలు లేదు. కచ్చితంగా చూస్తే ఇది కూడా చూపని సాక్ష్యమే. అయితే, చివరిదాకా తొణకకుండా వాదించిన నాలుగో నంబరు సభ్యుడు మొదటినుంచీ కళ్లజోడు పెట్టుకుని మన ఎదుటే కూర్చుని ఉన్నాడు. అతను దాన్ని తీసి ముక్కు పైభాగాన్ని రుద్దుకున్నప్పుడు ఆ గుర్తులు మన కంటికే కనిపిస్తాయి. కళ్లజోడుతో పడుకుంటారా అని అడిగితే లేదని జవాబు చెప్పేదీ అతనే. సాక్షి ముక్కును చూపలేని చోట, వాదించే మనిషి ముక్కును చూపించి దర్శకుడు తన బాకీ తీర్చుకున్నాడు.

ఇప్పుడు ట్విస్ట్ దగ్గరికి వద్దాం, నిరాశ ఎక్కువగా పోగుపడేది అక్కడే. ఒక వింత మీరూ గమనించి ఉంటారు. ఒకే సినిమా గురించి, ఒకే మలుపు గురించి, ఒకరు "ముందే తెలిసిపోయింది" అంటారు, ఇంకొకరు "అసలు నమ్మేలా లేదు" అంటారు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కాబట్టి ప్రేక్షకుల మాటకు విలువ లేదని అనుకోవడం పొరపాటు. ముందే తెలిసిందన్నవాడిని ఎలా తెలిసిందని అడిగి చూడండి. గడియారం వల్ల తెలిసిందని అతను అనడు. అంత పేరున్న నటుణ్ని రెండు దృశ్యాల కోసం తీసుకోరు కదా, అందుకే అతనే హంతకుడై ఉంటాడనుకున్నాను అంటాడు. అందరికంటే మంచివాడిగా చూపించారు కాబట్టి అనుమానం వచ్చిందంటాడు. అంటే అతను కథలోని సాక్ష్యంతో కాకుండా, సినిమాలు ఎలా తీస్తారో తెలిసిన అనుభవంతో పట్టుకున్నాడు. కథలో ఆధారం ఉండి ఉంటే దాన్నే పట్టుకుని ఉండేవాడు. లేదు కాబట్టి బయటికి చూశాడు. నమ్మేలా లేదన్నవాడు బయటికి చూడకుండా, పాపం, నిజాయితీగా లోపలే వెతికి, ఏమీ దొరక్క అలా అన్నాడు. ఇద్దరి ఫిర్యాదూ ఒక్కటే.

అపరాధ పరిశోధన కథలు రాసేవాళ్లు ఈ సమస్యను చాలాకాలం క్రితమే గుర్తించారు. రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత, వృత్తిరీత్యా క్రైస్తవ మతగురువు, 1929లో ఇలాంటి కథలకు పది నియమాలు కూర్చాడు. వాటిలో కొన్ని ఈనాడు నవ్వు తెప్పిస్తాయి, కొన్నిటిలో ఆ కాలపు జాతి దురభిమానం కనిపిస్తుంది. కానీ రెండు నియమాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు: నేరస్థుడు కథ తొలి భాగంలోనే పాఠకుడికి పరిచయమై ఉండాలి, పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికి కూడా వెంటనే చూపాలి. నేను ఇందాక చెప్పిన నమూనా సినిమా ఆ రెండింటినీ చివరి పావుగంటలో మీరింది. నాక్స్ పేరు విని ఉండని ప్రేక్షకుడు కూడా నియమం తప్పారని పసిగట్టగలడు, ఎందుకంటే ఆ నియమం పుస్తకంలోంచి పుట్టింది కాదు, కథ వినే మనిషి సహజంగా ఆశించేదే.

మలుపు అనగానే ప్రేక్షకుణ్ని తప్పుదోవ పట్టించకూడదా అని మీరు అడగవచ్చు. పట్టించవచ్చు, అబద్ధం కూడా చెప్పవచ్చు. ఎవరి నోట చెప్పిస్తున్నారన్నదే ప్రశ్న. దీనికి ఒకే సంవత్సరంలో వచ్చిన రెండు సినిమాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 'స్టేజ్ ఫ్రైట్' కూడా 1950లోనే వచ్చింది. చిత్రం మొదట్లోనే, పోలీసుల నుంచి పారిపోతున్న ఒక యువకుడు తన స్నేహితురాలికి హత్య ఎలా జరిగిందో చెబుతాడు. ఆ చెప్పిందంతా మనకు దృశ్యంగా కనిపిస్తుంది. చిత్రం చివర్లో అదంతా కట్టుకథ అని తేలుతుంది. ప్రేక్షకులకు అది మింగుడుపడలేదు; ఆ అబద్ధపు దృశ్యం పెట్టకుండా ఉండవలసిందని హిచ్‌కాక్ స్వయంగా తర్వాత ఒప్పుకున్నాడు. 'రషోమోన్'లో మాత్రం ఒకదానికొకటి పొసగని కథనాలు వరుసగా దృశ్యాలుగా కనిపిస్తాయి, వాటిలో కనీసం కొన్నయినా అబద్ధాలు కాక తప్పదు, అయినా మోసపోయామని ఎవరూ అనలేదు.

రెండు చిత్రాల్లోనూ అబద్ధం చెప్పింది పాత్రే, దర్శకుడు కాదు. మరి తేడా ఎక్కడుంది? 'రషోమోన్'లో మనిషి విచారణకు హాజరై వాంగ్మూలం ఇస్తున్నాడు. వాంగ్మూలం అన్నది నమ్మదగినది కావచ్చు, కాకపోవచ్చు అని మనకు ముందే తెలుసు. వెంటనే రెండో వాంగ్మూలం వచ్చి మొదటిదాన్ని ఎదిరిస్తుంది. 'స్టేజ్ ఫ్రైట్'లో ఆ యువకుడి కథనానికి పోటీగా నిలిచే మరో కథనాన్ని మన ముందుకు తేలేదు. చూస్తున్నది సాక్ష్యమని కూడా చెప్పలేదు, జరిగిన సంగతిగా చూపించారు. ఈ తేడా న్యాయస్థాన థ్రిల్లర్ తీసేవారికి పెద్ద వరం. బోను అన్నది అబద్ధానికి లైసెన్సు ఉన్న స్థలం. అక్కడ నిలబడి పాత్ర ఎంత అబద్ధమైనా ఆడవచ్చు, ప్రేక్షకుడు దాన్ని అడ్డు ప్రశ్నలతో పరీక్షించడానికి సిద్ధంగానే ఉంటాడు. నిరాశపరిచే సినిమాలు ఈ వరాన్ని వదిలేసి, బోనులో నిజాలు చెప్పించి, దర్శకుడి కెమెరా చేత అబద్ధాలు ఆడిస్తాయి. చెవిలో పువ్వు అన్న మాట పుట్టేది అక్కడినుంచే.

హఠాత్తుగా ఊడిపడే సాక్షి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తలుపులు తెరుచుకుని, అందరూ వెనక్కి తిరిగి చూసి, ఒక అపరిచితుడు నడిచి రావడం తెరమీద బాగానే ఉంటుంది. నిజమైన న్యాయవ్యవస్థలు చాలావరకు ఈ ఆశ్చర్యాన్ని నివారించడానికే నియమాలు రాసుకున్నాయి. అమెరికా సుప్రీంకోర్టు 1963లో బ్రేడీ వర్సెస్ మేరీల్యాండ్ కేసులో, నిందితుడికి అనుకూలమైన కీలక సాక్ష్యం ప్రాసిక్యూషన్ దగ్గర ఉండి, దాన్ని డిఫెన్సు అడిగినా దాచిపెట్టడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అవతలి పక్షం చేతిలో ఏముందో తెలియకుండా ఎవరినీ తీర్పుకు నిలబెట్టకూడదన్న భావన దాని వెనక ఉంది. కాబట్టి చివరి నిమిషంలో ఊడిపడిన కెమెరా దృశ్యం చూసి ప్రేక్షకుడు ముఖం చిట్లించుకున్నప్పుడు, అతనికి ఆ తీర్పు సంగతి తెలియకపోయినా, అందులోని న్యాయభావం అతని మనసులో పనిచేస్తూనే ఉంది.

చట్టాన్ని పట్టించుకుంటే థ్రిల్ తగ్గిపోతుందన్న భయం కథకులకు ఎందుకు పట్టుకుందో నాకు అర్థం కాదు. నియమం అడ్డుపడినప్పుడే కదా ఉత్కంఠ పుట్టేది. కక్షిదారు గతంలో తాను చేసిన హత్యను తన న్యాయవాదికి రహస్యంగా ఒప్పుకుంటే, ఆ న్యాయవాది దాన్ని బయటపెట్టకూడదు. ఆ ఒక్క నియమం మీద రెండు గంటల కథ నిలబడుతుంది. ఒకసారి నిర్దోషిగా విడుదలైనవాణ్ని అదే నేరానికి మళ్లీ విచారించకూడదన్న నియమం అమెరికా రాజ్యాంగపు ఐదో సవరణలో ఉంది. ఇంగ్లండులో మాత్రం 2003లో చేసిన చట్టం ద్వారా, హత్య వంటి తీవ్రమైన నేరాల్లో కొత్తదీ బలమైనదీ అయిన సాక్ష్యం దొరికితే పునర్విచారణకు దారి తెరిచారు. ఒకే మలుపు ఒక దేశంలో కథకు ముగింపు అవుతుంది, ఇంకో దేశంలో కొత్త కథకు మొదలవుతుంది. ఈ సంగతులు ప్రేక్షకుడికి ముందే తెలియనక్కర్లేదు. సినిమాయే మొదటి అరగంటలో చెప్పవచ్చు. కానీ ఒకసారి చెప్పాక, ఆ నియమానికి సినిమా కట్టుబడాలి. కక్షిదారు రహస్యం బయటపెడితే తన వృత్తే పోతుందని మొదటి సగంలో కళ్లనీళ్లు పెట్టుకున్న న్యాయవాది, రెండో సగంలో అదే రహస్యాన్ని నిండు కోర్టులో చెప్పేసి చప్పట్లు కొట్టించుకుంటే, లాజిక్ లేదన్న మాట అక్షరాలా నిజమవుతుంది.

అడ్డు ప్రశ్నల సంగతి కూడా అంతే. ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు జవాబును సూచించే ప్రశ్నలు వేయవచ్చు. తన సాక్షిని విచారించేటప్పుడు సాధారణంగా వేయకూడదు. జవాబు తనకు తెలియని ప్రశ్న వేయవద్దన్నది వృత్తిలో పెద్దలు చిన్నవాళ్లకు చెప్పే మాట. ఇంత చక్కటి ఆటస్థలం ఉండగా, మన నమూనా న్యాయవాది ప్రశ్న వేయడు, ప్రసంగిస్తాడు. సాక్షి తల వంచుకుని వింటాడు. అవతలి న్యాయవాది అభ్యంతరం చెప్పడం మరిచిపోతాడు. ప్రేక్షకుల అభిప్రాయాల్లో "క్లైమాక్స్ తేలిపోయింది" అన్నదానికి నూటికి తొంభై పాళ్లు అర్థం ఇదేనని నాకు అనిపిస్తుంది. అక్కడ ఎవరూ ఎవరినీ ఓడించలేదు, ఒకరు చెప్పారు, మిగిలినవాళ్లు విన్నారు.

సాగదీత గురించి వచ్చే ఫిర్యాదును నేను అంతగా నమ్మను. ఆటో ప్రెమింజర్ 1959లో తీసిన 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' 160 నిమిషాలు నడుస్తుంది, అందులో పెద్ద భాగం న్యాయస్థానంలోనే, అయినా కదలబుద్ధి కాదు. దానికి ఆధారమైన నవల రాసినది ఆ తరహా కేసునే స్వయంగా వాదించి, తర్వాత మిషిగన్ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన జాన్ వోల్కర్. తెరమీద న్యాయమూర్తి పాత్ర వేసిన జోసెఫ్ వెల్చ్ నటుడు కాదు, అసలైన న్యాయవాది. ఆ చిత్రం గురించి ఇంకో మాట చివర్లో చెబుతాను. నిడివి ప్రేక్షకుణ్ని విసిగించదు. తాను చూస్తున్నది ఎటూ లెక్కకు రాదన్న అనుమానం విసిగిస్తుంది. "ల్యాగ్" అని అతను అంటున్నది ఆ అనుమానాన్నే. నటన బాగుందన్న ఓదార్పు మాటను కూడా అభినందనగా తీసుకుంటే దర్శకులు పొరబడినట్టే.

అభిప్రాయాలను అంకెల్లో కొలిచే పద్ధతుల గురించి కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ఇవాళ చాలామంది అంకె చూసే సినిమాకు వెళ్తున్నారు. 1998లో మొదలైన రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతాన్ని మార్కులనుకోవడం చాలా మామూలు పొరపాటు. అది ఎంతమంది విమర్శకులు అనుకూలంగా రాశారో చెప్పే నిష్పత్తి మాత్రమే; 60 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తాజా టొమాటో గుర్తు పడుతుంది. అందరూ "ఫరవాలేదు, ఒకసారి చూడవచ్చు" అన్న సినిమాకు అక్కడ 100 కూడా రావచ్చు. సగంమంది తలకెత్తుకుని సగంమంది తిట్టిన సినిమాకు 50 వస్తుంది. సినిమాస్కోర్ అన్న సంస్థ 1979 నుంచి చేస్తున్న పని వేరు: అమెరికాలో విడుదల రోజు రాత్రి థియేటర్ల దగ్గర ప్రేక్షకుల చేతికి చీట్లు ఇచ్చి, ఏ ప్లస్ నుంచి ఎఫ్ వరకు గ్రేడు వేయించుకుంటుంది. మొదటి రోజే వచ్చినవాళ్లు ఆ సినిమా మీద ఆశ పెట్టుకుని వచ్చినవాళ్లు. కాబట్టి ఆ గ్రేడు సినిమా మంచి చెడ్డలకంటే ఎక్కువగా, ప్రచారంలో చెప్పిన మాటకూ తెరమీద చూపినదానికీ మధ్య ఉన్న దూరాన్ని చెబుతుంది. న్యాయస్థాన థ్రిల్లర్ అని ట్రైలర్‌లో సుత్తి దెబ్బలు వినిపించి, తీరా సినిమాలో గంటన్నర సేపు న్యాయవాది విడాకుల బాధ చూపిస్తే, ఆ బాధ ఎంత బాగా తీసినా గ్రేడు పడిపోతుంది. కొన్ని సినిమాల విషయంలో ఇది అన్యాయమేనని ఒప్పుకుంటాను. వాటిని మోసం చేసింది వాటి ప్రచారమే.

అయితే ప్రేక్షకులంతా నిరాశపడినవాళ్లే కారు. ప్రతి విఫల చిత్రానికీ కొందరు రక్షకులుంటారు. వాళ్ల వాదనలు రెండు రకాలు. సినిమాను సినిమాగా చూడాలి, ఇన్ని ప్రశ్నలేమిటి అనేది మొదటిది. దీనికి జవాబు చెప్పవలసిన పని లేదు, ప్రశ్నలు వేయమని పిలిచింది ఆ సినిమాయే. రెండోది గట్టి వాదన. జీవితంలో అన్ని చిక్కుముళ్లూ విడిపోవు, గడియారం ఎందుకు పగిలిందో తెలియకపోవడమే వాస్తవికత, ముగింపును తెరిచి ఉంచడం కళ అని వాళ్లు అంటారు. మాట మంచిదే, దాన్ని అక్కరకు తెచ్చుకునే సినిమాలే తరచు దానికి తగవు. తెరిచి ఉంచిన ముగింపు వేరు, తేల్చుకోలేక వదిలేసిన ముగింపు వేరు. తేడా ఎలా తెలుస్తుందంటారా? ఇందాక ఆపిన చిత్రం దగ్గరికే వెళ్దాం.

'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్'లో ఒక సైనికాధికారి, తన భార్యపై అత్యాచారం చేశాడంటూ ఒక మద్యశాల యజమానిని కాల్చి చంపుతాడు. కాల్చడం గురించి వివాదం లేదు. జైలులో మొదటి సమావేశాల్లోనే న్యాయవాది, అతని కథ పూర్తిగా వినకముందే, హత్యాభియోగం నుంచి బయటపడే మార్గాలు ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటిగా చెప్పి, ఒక్కొక్కటీ ఎందుకు పనికిరాదో చెప్పి, చట్టం క్షమించదగిన కారణం ఏదైనా ఉందా అన్న చోట ఆగుతాడు. ఆ అధికారి తడుముకుంటూ, నాకు పిచ్చెత్తి ఉండాలి అన్న భావం పలుకుతాడు. న్యాయవాది అతనికి అబద్ధం నేర్పాడా? లేదు, చట్టం వివరించాడు. అధికారి నిజం చెప్పాడా? ఏమో. ఆ ఆపుకోలేని ఆవేశం అన్న వాదన మీదే జూరీ అతన్ని విడుదల చేస్తుంది. ఫీజు పత్రం మీద సంతకం కోసం న్యాయవాది వెళ్లేసరికి ఆ దంపతులు బస ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటారు. ఆపుకోలేని ఆవేశం కలిగి వెళ్లిపోతున్నామని ఒక చీటీ రాసిపెట్టి ఉంటుంది.

అతను నిజంగా మతి తప్పి కాల్చాడో, కోర్టునూ న్యాయవాదినీ కలిపి బోల్తా కొట్టించాడో సినిమా చెప్పదు. చెప్పకపోయినా ఎవరూ దాన్ని లోపమనరు. నిర్ణయించుకోవడానికి కావలసినదంతా, ఆ జైలు గది సంభాషణతో సహా, ముందే మన చేతికి ఇచ్చారు. రెండు వైపులా వాదించడానికి వీలుగా ఇచ్చారు. మన నమూనా చిత్రాన్ని సమర్థించే మిత్రులను నేను అడిగేది ఇంతే: ఆ గడియారం ఎందుకు పగిలిందన్న విషయం మీద, సినిమాలో చూపినదాన్ని మాత్రమే ఆధారంగా తీసుకుని, మీరు రెండు విరుద్ధ వాదనలు నిలబెట్టగలరా? నిలబెట్టగలిగితే అది తెరిచి ఉంచిన ముగింపేనని ఒప్పుకుని నా ఫిర్యాదును వెనక్కి తీసుకుంటాను. నాకు ఒక్కటి కూడా దొరకలేదు.

ఇక మీ ప్రశ్నలు వింటాను. నాతో విభేదించేవారే ముందుగా లేస్తే సంతోషం.